మెహరున్నీసా గారి రెండో కుర్చీ

మొన్న మంగళవారం ఉదయం, విజయవాడ గవర్నర్‌పేటలోని తమ గదిలో, పని మధ్యలో, మెదడులో రక్తనాళం చిట్లి మెహరున్నీసా గారు కన్నుమూశారు. ఆ సమయంలో ఆమె పక్క కుర్చీలో ఒక న్యాయవాది కూర్చుని, నెలల తరబడి దాటవేస్తూ వచ్చిన అప్పీలు రాసుకుంటున్నాడు. ఆమె ఒడిలో పరిచిన వార్తాపత్రిక మీద సగం తుంచిన గోంగూర ఉంది. ఆమె చేతులు ఆగిపోయిన సంగతి అతనికి వెంటనే తెలియలేదు. రాస్తున్న వాక్యం ముగించి, ఏదో అడుగుదామని తల తిప్పాడు. అప్పటికే ఆమె లేరు.

ఆ దుర్వార్త ఫోనులో విన్నప్పుడు నేనొక మిల్లులో షాఫ్టు అమరిక సరిచూస్తున్నాను. వెంట్రుకవాసి తేడాను సైతం కొలిచి చెప్పవలసిన వృత్తి నాది. ఆ క్షణంలో నా కాళ్ల కింది నేల ఏ మట్టంలో ఉందో నాకు తెలియలేదు. ఆమెను ఎరిగినవారికి ఈ వ్యాసం అవసరం లేదు. ఎరుగనివారికి, ముఖ్యంగా ఇంట్లో ఒక మనిషిని బద్ధకస్తుడనీ పొగరుబోతనీ పనికిమాలినవాడనీ రోజూ తిడుతూనో కొడుతూనో ఉన్నవారికి, ఆమె ఎవరో తెలియాలని దీన్ని రాస్తున్నాను.

తాళాలు, పనిముట్లు టోకున అమ్మే వర్తక కుటుంబంలో ఆమె జన్మించారు. మనస్తత్వశాస్త్రంలో ఉన్నత విద్య అభ్యసించి, తొంభైల తొలినాళ్లలో ఊరికి తిరిగివచ్చి, గవర్నర్‌పేటలో అన్నగారి దుకాణం పైన ఒక గది తీసుకున్నారు. మనసు ఒకచోట నిలవని స్థితికి పెట్టిన ఏ.డి.హెచ్.డి. అనే పేరు అప్పట్లో మా ప్రాంతపు వైద్యుల నోట కూడా అరుదు. మందు అవసరమైనవారిని ఆమె మానసిక వైద్యుల వద్దకు పంపేవారు. మందు వేసుకున్నాక కూడా మిగిలే జీవితాన్ని, అంటే లేవడం, మొదలుపెట్టడం, ఆపడం, కోపం వచ్చినప్పుడు చెయ్యి ఎత్తకుండా ఉండడం, వీటిని తాము చేపట్టేవారు. పాశ్చాత్య దేశాల్లో ఈ వృత్తిని కోచింగ్ అంటారట. ఆ మాట ఈ నగరంలో బోర్డు మీద రాస్తే ర్యాంకుల కోసం తల్లిదండ్రులు బారులు తీరతారని ఆమె అసలు బోర్డే పెట్టలేదు.

ఆ పేరుకు ‘అవధాన లోపం’ అనే అనువాదం ఆమెకు నచ్చేది కాదు. “లోపమెక్కడండీ? ఇష్టమైన పనిలో పడితే పిడుగు పడ్డా తల ఎత్తడు. అవధానం బోలెడుంది. అది వాడి మాట వినదు, అంతే” అనేవారు. నా వృత్తిభాషలో దీన్ని నేనిలా అర్థం చేసుకున్నాను. ఆయిల్ ఇంజనులో గవర్నర్ అనే ఒక భాగం ఉంటుంది. భారం పెరిగినా తగ్గినా వేగాన్ని అదుపులో ఉంచేది అదే. అది సరిగా పట్టని ఇంజను బలహీనమైనది కాదు. ఒక్కోసారి పక్క ఇంజనుకంటే బలమైనది. కానీ భారం తొలగిన మరుక్షణం దాని వేగం హద్దుమీరి, తన్ను తానే బద్దలు కొట్టుకుంటుంది. అటువంటి ఇంజనును సమ్మెటతో మోది బాగుచేసినవాణ్ని నేను చూడలేదు. మనుషుల విషయంలో మాత్రం మా ప్రాంతంలో అదే ప్రథమ చికిత్స.

ఆమె గదిలో కుర్చీలు ఎదురెదురుగా ఉండేవి కావు. రెండూ పక్కపక్కన, గోడకు అభిముఖంగా ఉండేవి. వచ్చినవాడు తాను ఎన్నాళ్లనుంచో చేయలేకపోతున్న పనిని వెంట తెచ్చుకుని మొదటి కుర్చీలో కూర్చోవాలి. ఆమె రెండో కుర్చీలో కూర్చుని గోంగూర తుంచుకునేవారు. సలహా ఇచ్చేవారు కారు, తొంగిచూసేవారు కారు. పక్కన ఒక మనిషి ప్రశాంతంగా తన పని తాను చేసుకుంటూ ఉంటే, చెదిరిపోయే బుద్ధి ఆ మనిషిని ఆనుకుని నిలబడుతుందన్నది ఆమె అనుభవసారం. సిద్ధాంతవ్యాసం పూర్తిచేయలేక అలమటిస్తున్న ఒక పరిశోధకుడితో, “తొందరగా కానివ్వండి బాబూ. మీ థీసిస్ పుణ్యమా అని మా ఇంట్లో రోజూ గోంగూర మాంసమే. మా వదిన నన్ను బయటికి గెంటేట్టుంది” అన్నారట.

అలాగని ఆమెను మృదుస్వభావి అని ఎవరూ అనలేరు. గుమ్మం దగ్గర చెప్పులతో పాటు మగవారు నడుము బెల్టు కూడా విప్పి బయట పెట్టాలన్నది ఆ గది నియమం. ఒక అధికారి తన కొడుకును తీసుకుని వచ్చాడు. ఆ కుర్రవాడి వీపు మీద బెల్టు బకిల్ అచ్చుగుద్దినట్టు పడి ఉంది. బెల్టు లేనిదే ప్యాంటు నిలవదని తండ్రి అభ్యంతరం చెప్పాడు. “చేత్తో పట్టుకోండి. ఒక చెయ్యి ప్యాంటుకి పోతే కొట్టడానికి ఒకటే మిగుల్తుంది. సగం వైద్యం అయిపోయినట్టే” అన్నారు మెహరున్నీసా గారు. ఆ పెద్దమనిషి మాట్లాడినంతసేపూ ఎడమచేత్తో ప్యాంటు పట్టుకునే కూర్చున్నాడు.

ఆమె కుడి కనుబొమను రెండుగా చీల్చిన మచ్చ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక వైద్య విద్యార్థి ఆవేశంలో విసిరిన ఇత్తడి పేపర్‌వెయిట్ చేసిన గాయమది. చప్పుడు విని కింది దుకాణంలోని పనివాళ్లు ఇనుపకడ్డీలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ఆమె ఒక చేత్తో గాయాన్ని అదుముకుని, రెండో చేత్తో గడియ వేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డారు. రక్తం చీరకుచ్చెళ్ల మీదికి కారుతున్నా వాళ్లు దిగిపోయేదాకా కదలలేదు. ఆ తరువాత ఎవరు అడిగినా, “తప్పు నా బల్లది. కోపమొచ్చేవాడి చేతికందేట్టు బరువైన వస్తువు పెట్టింది నేనే కదా” అనేవారు. నాటినుంచి ఆ బల్ల మీద కాగితం, కలం తప్ప మరేమీ ఉండేవి కావు. ఆ విద్యార్థి తిరిగి అదే కుర్చీలో కూర్చుని చదువుకుని, ఇప్పుడు వైద్యం చేస్తున్నాడు.

ఇక మా ఇంటి సంగతి. పామర్రు దగ్గర మాకు రైస్ మిల్లు ఉంది. నాన్నగారు సుబ్బారావు గారు ఆ చుట్టుపక్కల సింహమని పేరు పొందిన మనిషి. ఆయన కూర్చునే చోటుకు వెనుక గోడకు ఒక మేకు, ఆ మేకుకు మిల్లు యంత్రాన్ని తిప్పే పట్టా నుంచి కోసిన మూరెడు ముక్క వేలాడేవి. దాని రుచి అందరికంటే ఎక్కువ ఎరిగినవాడు మా అన్నయ్య ప్రసాద్. పెళ్లీడు వచ్చిన మనిషి. చెప్పిన పని సగంలో వదిలి మరో పనికి పరుగెత్తేవాడు. ఒకరు మాట్లాడుతుండగానే కిటికీలోంచి కనిపించిన దానికేసి లేచిపోయేవాడు. నాన్నగారు అతణ్ని కాటా దగ్గర, హమాలీలందరి ఎదుట నిలబెట్టి కొట్టేవారు. అన్నయ్య చేతులు అడ్డుపెట్టేవాడు కాదు. పళ్లు బిగించి తండ్రి కళ్లలోకి చూస్తూ నిలబడేవాడు. ఆ చూపు చూసి ఆయన మరింత కొట్టేవారు. వీళ్లిద్దరిలో ఎవరో ఒకరు రెండోవాడి చేతుల్లో పోతారని మా అమ్మ భయపడుతూ ఉండేది. ఆ భయం అతిశయోక్తి కాదు.

మిల్లులో వెంకటరత్నం గారనే గుమస్తా ఉండేవారు. నాన్నగారి యౌవనం నుంచీ ఆయన పక్క కుర్చీ వెంకటరత్నం గారిదే. తొంభైల మధ్యలో ఆ గుమస్తాగారు మరణించాక, అంత దగ్గరి చోటును బయటివాడికి ఇవ్వడం మర్యాద కాదనీ, పెద్దకొడుకు తండ్రి పక్కన కూర్చోవడమే ఆనవాయితీ అనీ బంధువులందరూ చెప్పగా, అన్నయ్యను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. దెబ్బలు పెచ్చుమీరింది అప్పటినుంచే.

ఆ మరుసటి కోతల కాలంలో ఒక పగలు, ధాన్యాన్ని పైకి చేరవేసే ఎలివేటర్‌లో గడ్డి చిక్కుకుని మిల్లు ఆగింది. ఏసోబు అనే హమాలీ దాన్ని తీయడానికి అడుగు గుంటలోకి దిగాడు. అతడు పైకి వచ్చేదాకా మెయిన్ స్విచ్ దగ్గరనుంచి కదలవద్దని నాన్నగారు అన్నయ్యను ఆజ్ఞాపించి, ఆఫీసు గదిలోకి వెళ్లారు. ఇంతలో గేటు దగ్గర ఒక లారీ డ్రైవరు, కాటా మనిషి కలబడ్డారు. ఆ కేకలు విని అన్నయ్య అటు పరుగెత్తాడు. గదిలోంచి బయటికి వచ్చిన నాన్నగారికి ఆగిన మిల్లు కనిపించింది; స్విచ్ దగ్గర ఎవరూ లేకపోవడం కనిపించింది. పళ్లు కొరుకుతూ వెళ్లి స్విచ్ వేశారు. బకెట్లు బిగించిన పట్టాకూ, దాన్ని తిప్పే కప్పీకీ మధ్యకు ఏసోబు కుడిచెయ్యి పోయింది. ఆ కేక యంత్రాల రొదను చీల్చుకుని గేటు దగ్గరున్న మాకు కూడా వినిపించింది. కొడవలితో పట్టా కోసి అతణ్ని బయటికి తీశాము. విజయవాడ ఆసుపత్రిలో ఆ చేతిని మోచేతి దిగువన తొలగించవలసి వచ్చింది.

ఏసోబును ఎక్కించిన జీపు గేటు దాటిందో లేదో, నాన్నగారు మేకుకున్న పట్టా ముక్క అందుకున్నారు. అన్నయ్య పెదవి చీలింది, ఒక కన్ను మూసుకుపోయింది, చొక్కా నెత్తుటితో వీపుకు అంటుకుపోయింది. అయినా దెబ్బలు ఆగలేదు. అప్పుడు జీవితంలో మొదటిసారి అన్నయ్య చెయ్యి లేచింది. పక్కనున్న బస్తాకు గుచ్చి ఉన్న హమాలీ కొక్కెం ఆ చేతికి అందింది. అతడు గురిపెట్టింది కంఠానికి. నాన్నగారు పక్కకు ఒరగడం వల్ల కొక్కెం భుజంలో దిగబడి, కండను చీల్చుకుంటూ బయటికి వచ్చింది. హమాలీలందరూ మీదపడితే గాని ఆ ఇద్దరినీ విడదీయలేకపోయాము.

భుజానికి కుట్లు వేసిన వైద్యుడు అన్నయ్య ఒంటిని కూడా చూసి, ఎవరినీ ఏమీ ప్రశ్నించకుండా, అతణ్ని మెహరున్నీసా గారి దగ్గరకు తీసుకువెళ్లమని నాకు చెప్పాడు. తీసుకువెళ్లాను. ప్రమాద నివేదికలు రాసే అలవాటు కొద్దీ, జరిగినదంతా వరుసక్రమంలో వివరించాను. ఆమె చివరిదాకా విన్నారు.

“ఇంజనీరుగారూ, స్విచ్ ఎత్తు దగ్గర్నుంచి గుంట లోతు దాకా అన్నీ చెప్పారు. స్విచ్ వేసిందెవరో చెప్పలేదు.”

మా ఇంట్లో అంతవరకు పుట్టని ప్రశ్న అది. అన్నయ్య వాచిన పెదవులతో, “మా నాన్నండి. కానీ అక్కడ నిలబడమన్నది నన్ను” అన్నాడు.

“నిలబడమన్నాయన మర్చిపోయాడు. నిలబడ్డ నువ్వు మర్చిపోయావు. గుంటలో ఉన్నవాడొక్కడే మర్చిపోలేదు” అన్నారామె.

నాన్నగారు విజయవాడ రానన్నారు. ఆమే పామర్రు బస్సెక్కి మిల్లుకు వచ్చారు. మా ఇంటి గొడవ మీకెందుకమ్మా అని ఆయన అంటుండగానే, వెంకటరత్నం గారి కుర్చీలో కూర్చుని, సంచిలోంచి గోంగూర కట్ట తీసి, మీ పని మీరు చూసుకోండి, నా పని నేను చూసుకుంటాను అన్నారు. హమాలీలు కిటికీ దగ్గర గుమిగూడారు. గుమస్తా పోయిన నాటినుంచి పట్టుమని ఒక గంట ఆ చోట కుదురుగా కూర్చోని నాన్నగారు, కట్టు కట్టిన భుజంతో, ఆ పూటంతా కూర్చున్నారు. పేరుకుపోయిన పనులు ఒక్కొక్కటే తేల్చారు. ఎవరి మీదా కేక వేయలేదు. మధ్యాహ్నానికి ఆమె కాడలన్నీ పక్కకు నెట్టి, వెంకటరత్నం గారు ఇక్కడ కూర్చుని ఏం చేసేవారని అడిగారు.

“ఏం చేసేవాడంటే...” నాన్నగారు కలం కింద పెట్టారు. “ఉండేవాడమ్మా. నేను కోపంగా లేస్తుంటే ‘బాబుగారూ, ఒక్క నిమిషం’ అనేవాడు.”

“ఆ రోజు ఆయనుంటే ఏమనేవారు?”

నాన్నగారి ముఖం నల్లబడింది. “‘బాబుగారూ, ఒక్క నిమిషం. గుంటలో ఏసోబున్నాడు’ అనేవాడు.”

ఆ మాట పూర్తి కాగానే ఆయన తన చెంపలు తానే వాయించుకోవడం మొదలుపెట్టారు. ఎడాపెడా, నోటివెంట నెత్తురు వచ్చేదాకా. మెహరున్నీసా గారు లేచి ఆయన మణికట్టును ఒడిసిపట్టారు.

“అదీ కొట్టడమే. ఆపండి.”

అప్పుడు ఆమె విడమరిచి చెప్పారు. ఈ స్వభావం తరచు వంశంలో వస్తుంది; కొడుకుది ఏ బుద్ధో తండ్రిదీ అదే బుద్ధి. దాన్ని ఒక గుమస్తా, పక్క కుర్చీలో కూర్చుని, ‘ఒక్క నిమిషం’ అనే మాటతో దశాబ్దాలపాటు కాపు కాశాడు. ఆయన పోయాక, ఆ మరుపుకు కాపలాగా అటువంటి మరుపునే తెచ్చి కూర్చోబెట్టారు. “ఈతరాని ఇద్దర్ని ఒకరికొకర్ని కట్టి కాలవలో తోశారు. ఒకరి పీక ఒకరు పట్టుకోకుండా ఎట్లా ఉంటారు?” వెళ్లేటప్పుడు మేకుకున్న పట్టా ముక్కను తీసి, గోంగూర కాడలతో పాటు సంచిలో వేసుకున్నారు. మేకు మాత్రం గోడకు అలాగే ఉంది.

వెళ్లేముందు ఇంకొక పని చేయించారు. నాన్నగారిని వెంటబెట్టుకుని ఏసోబు ఇంటికి నడిచారు. వైద్యం, పరిహారం వేరు సంగతి. ఒక మాట బాకీ ఉంది, అది ముందు చెప్పాలన్నారు. నాన్నగారు మంచం పక్కన నిలబడి, స్విచ్ వేసింది తానేనని చెప్పారు. ఏసోబు ఆయనవైపు చూడలేదు. తెగిన చేతి కట్టువైపు చూస్తూ అన్నాడు.

“తెలుసు బాబుగారూ. మిల్లు ఆగుంది గదా, మీ చెప్పుల చప్పుడు వినపడింది. నేనున్నానని అరిచాను. మీరాగలేదు.”

నా జీవితంలో విన్న వాక్యాలన్నింటిలో అతి కఠినమైనది అదే. గాయం మానాక ఏసోబు మిల్లుకు రావడానికి ఒక షరతు పెట్టాడు: స్విచ్ తాళంచెవి తన మొలతాడుకు ఉండాలి. నేను స్విచ్‌కు ఇనుపపెట్టె చేయించి తాళం అమర్చాను. నాటినుంచి గుంటలోకి దిగేవాడెవడైనా ఏసోబు దగ్గర తాళంచెవి తీసుకుని, తన మొలకు కట్టుకునే దిగుతాడు. “గుర్తుంచుకోమని మనిషికి చెప్పకండి. మర్చిపోయినా చెయ్యి తెగకుండా ఉండే ఏర్పాటు చెయ్యండి” అని ఆమె నాతో అన్న మాట, నేను నిర్మించిన ప్రతి మిల్లులోనూ యంత్రంలో భాగమైంది. ఆ తరువాత ఎందరి వంటగదులనో, దుకాణాలనో, చదువుగదులనో ఆమె నాచేత తిరిగి అమర్చించారు. మీ బోల్టులు, బేరింగులు ఎక్కడికీ పోవు, వచ్చి ఈ ఇల్లు చూడండని ఫోను చేసేవారు.

ఇదంతా సుఖాంతమైందని రాస్తే ఆమె ఒప్పుకోరు. నాన్నగారి పక్కన కొత్త గుమస్తా కూర్చున్నాడు. అన్నయ్య నాలుగు గోడల మధ్యనుంచి పొలాల మీదికి, ధాన్యం కొనుగోలుకు మారి, అందులో రాణించాడు. కానీ మానసిక వైద్యుడు ఇచ్చిన మందు మానేసినప్పుడు ఒకసారి కాటా గది అద్దాలన్నీ పగలగొట్టాడు. తాళంచెవి ఇవ్వడం ఆలస్యమైందని నాన్నగారు ఒకసారి ఏసోబు మీదికి చెయ్యెత్తారు. ఏసోబు మొండిచేతిని ఆయన ముఖం ముందుకు చాచాడు. ఎత్తిన చెయ్యి దిగింది. ఇటువంటి ప్రతి సందర్భానికీ మెహరున్నీసా గారి నుంచి ఫోను వచ్చేది. ఎవరు చేరవేసేవారో మాకు తెలియదు. మందు మానేసి చెప్పకుండా తిరుగుతున్నావా, కాళ్లు విరగ్గొడతానని ఆమె గద్దిస్తే, అన్నయ్య, “కొట్టకూడదన్నది మీరే కదా మేడం” అన్నాడు. “ఫోన్లో కొట్టొచ్చు” అన్నారామె.

మంగళవారం నాడు నాన్నగారినీ అన్నయ్యనూ ఖననానికి తీసుకువెళ్లడానికి నేను పామర్రు చేరేసరికి వార్త అప్పటికే అక్కడికి అందింది. ఆఫీసు గదిలో ఫోను ముక్కలై నేల మీద ఉంది. అన్నయ్య పిడికిలితో అద్దాల బీరువాను పొడిచాడు. మోచేతి దాకా నెత్తురు. అడ్డంవచ్చిన గుమస్తాను గోడకు నెట్టాడు. చేతికందిన ప్రతిదాన్నీ విసురుతూ, రానని, ఎవరూ తనను ముట్టుకోవద్దని అరుస్తున్నాడు. వాకిట్లో హమాలీలు గుమిగూడారు. నాన్నగారు లేచారు. వయసుతో వంగిన ఆ మనిషి చూపు ఒక్కసారి గోడ మేకు మీదికి వెళ్లడం నేను స్పష్టంగా చూశాను. మేమందరం చూశాము.

ఆయన వెనక్కి తిరిగి, తన కుర్చీని గాజుపెంకుల మీదుగా బరబర లాక్కుంటూ వెళ్లి, అన్నయ్య పక్కన వేసుకుని, గోడకేసి తిరిగి కూర్చున్నారు. అన్నయ్య అరుపు క్రమంగా రొప్పుగా మారింది.

“నేనిక్కడే ఉంటా. ముందు చెయ్యి కడుక్కో” అన్నారు నాన్నగారు.

అన్నయ్య కడుక్కుని వచ్చాడు.

“ఇప్పుడు చొక్కా మార్చుకో.”

“తర్వాత?”

“తర్వాతది తర్వాత. చొక్కా.”

సాయంకాలపు నమాజు వేళకు మేము విజయవాడ చేరుకున్నాము. గవర్నర్‌పేటలో ఆ వీధి దుకాణాలన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. శ్మశానవాటికలో నమాజుకు వరుసలు తీరినవారి వెనుక, నిలబడిన చోట నిలబడలేని మనుషులు ఎందరో, కాళ్లు మార్చుకుంటూ, జేబులు తడుముకుంటూ, ఏడుస్తూ కనిపించారు. వారందరూ ఆమె మొదటి కుర్చీలో కూర్చున్నవారే. కనుబొమ చీల్చిన ఆ వైద్యుడు కూడా ఉన్నాడు. ఏసోబు ఎడమచేత్తో మట్టి వేశాడు. అన్నయ్య కట్టుకట్టిన చేత్తో వేశాడు. నాన్నగారు వేసి, అక్కడే నిలబడిపోయారు.

ఆ మహనీయురాలికి నేను సమర్పించగల నివాళి ఈ నాలుగు మాటలే. ఆమె విద్య ఎవరైనా నేర్చుకోవచ్చు. నెత్తురు కారుతుండగా తలుపుకు వీపు ఆనించి నిలబడగల మనిషి ఈ ప్రాంతానికి మళ్లీ ఎప్పుడు లభిస్తుందో నేను చెప్పలేను.

తిరుగుప్రయాణంలో జీపు నేను నడిపాను. వెనుక సీటులో తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. ఉయ్యూరు దాటాక నాన్నగారు, బయటి పొలాలకేసి చూస్తూ, అన్నయ్యను అడిగారు.

“ఇక మనల్ని తిట్టేవాళ్లెవర్రా?”

అన్నయ్య ఆయన వైపుకు కొంచెం జరిగి కూర్చున్నాడు.